ఐదో రోబో

"గంట నుంచి ఎక్కడ చచ్చావయ్యా?"

మిల్లు గేటు దగ్గర నిలబడ్డ మనిషిని అసిస్టెంటమ్మాయి రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కుపోయింది.

"అమ్మా, నేను..."

"సాకులు తర్వాత. ముందు తొడుక్కో."

నలుగురు రోబోలు అప్పటికే రేకు తొడుగుల్లో ఉడికిపోతున్నారు. ఐదోవాడే తక్కువ.

తల తొడుగుకు వెనక నాలుగు స్క్రూలు. బిగించాక తొడుక్కున్నవాడు తనంతట తాను విప్పుకోలేడు. అతను మళ్ళీ నోరు తెరిచేలోపే ఆమె నాలుగూ బిగించేసింది.

లోపల ఏదో అంటున్నాడు. కుండలో తుమ్మెద తిరిగినట్టు వినిపించింది.

యంత్రాలు మనుషుల్ని ఏలే కాలం గురించి సినిమా. తీసేది ఆమె మేనమామ. మూడేళ్ళుగా తీస్తున్నాడు. ఇక మిగిలింది చివరి షాటు: గోడ పేలాలి, దుమ్ములోంచి ఐదుగురు రోబోలు నడిచి రావాలి.

రేపు ఆ మిల్లు కూల్చేస్తారు. గోడ ఒక్కటే, అదనూ ఒక్కటే.

"మావయ్యా, పేలుడు మేస్త్రీ ఫోనెత్తడం లేదు."

"సెట్లో సార్ అని ఏడు. ఫోన్లో ఎంత నమ్మకంగా మాట్లాడాడు, దొంగ వెధవ! వాడి కోసం పొద్దు ఆగుతుందా? ఎలక్ట్రీషియన్ చేత మందు పెట్టించాను."

"ఫ్యూజు వేసినంత తేలిక సార్. వీడియోలో చూశాను," అన్నాడు ఎలక్ట్రీషియన్.

రిహార్సల్ మొదలైంది. నలుగురు తిన్నగా నడిచారు. ఐదోవాడు మాత్రం వెనక్కి తిరిగి, గోడ మొదట్లో వంగి చూసి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"కట్! రోబో చేతులూపుతుందిరా? చుట్టాల్ని పిలుస్తున్నావా?"

రెండోసారి ఇంకా ఘోరం. వరస తప్పి, మందు సంచిని గోడ కిందనుంచి లాగబోయాడు. డైరెక్టరు పరుగున వచ్చి ఒక తాపు తన్నాడు. రేకుకు ఏమీ కాలేదు. డైరెక్టరు బొటనవేలు చితికింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"విప్పండి వీణ్ణి! మెడబట్టి గెంటండి!"

ఆమె పళ్ళు నూరుతూ స్క్రూలు తీసింది. లోపలి మొహం కమిలిపోయి ఉంది. అతను ఊపిరి కూడదీసుకున్నాడు.

"గోడ ఇటే పడుతుంది. ఇంత మందు..."

"రేకు తొడిగితే ఇంజనీరువైపోయావా? నిలబడి నడవమంటే చేతకానివాడివి, నాకు పాఠాలు చెప్తావా!"

ఇద్దరు అతన్ని ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ అతను వెనక్కి తిరిగి అరిచాడు.

"మీరన్నా దూరం జరగండి, నాయనలారా!"

నలుగురు రోబోలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేకులు లొడలొడలాడిస్తూ దూరం జరిగారు. కెమెరామన్ కూడా, నడుస్తున్న కెమెరాను అలాగే వదిలి, నీళ్ళకు పోతున్నట్టు పక్కకు జారుకున్నాడు.

"పిరికి వెధవల్లారా! నలుగురూ మీ చోటుకి రండి!"

ఎవరూ కదల్లేదు. ఎండ గోడ దిగిపోతోంది.

"ఎలా జరిగితే అలా జరుగుతుంది. నొక్కరా!"

గోడ ఇటే పడింది.

దుమ్ము అణిగాక చూస్తే కెమెరా లేదు. షాటు లేదు. డైరెక్టరు ఇటుకల గుట్ట ముందు చతికిలబడి, మూడేళ్ళు, మూడేళ్ళు అని గొణుక్కుంటున్నాడు.

అసిస్టెంటమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. మేస్త్రీకి మళ్ళీ ఫోను కలిపింది. ఈసారి ఎత్తాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు? నీ వల్ల మా సినిమా మట్టికొట్టుకుపోయింది!"

"ఎవరికన్నా దెబ్బలు తగిలాయా?" అవతలి గొంతు ముందు అడిగింది అదే.

"లేదు. నువ్వు వేళకొచ్చి ఏడిస్తే మాకీ గతి పట్టేదా?"



"వేళకే వచ్చానమ్మా," అన్నాడు మేస్త్రీ. "గేటు దగ్గర నా రెక్క పట్టుకుని లాక్కుపోయి, రేకు తొడిగి స్క్రూలు బిగించింది నువ్వే."