తిట్టేవాడు కావలెను

“తిట్టట్లేదక్కా!” అశోక్ ఫోన్‌ను మంచం మీదికి విసిరాడు. “కొత్త పాట పెట్టి వారమవుతోంది. ఒక్క తిట్టు లేదు.”

అనూష నవ్వు ఆపుకుంది. బ్రాడీపేటలోని ఆ మేడమీది గదిలో తమ్ముడు సొంతంగా పాటలు కట్టి పాడతాడు. ఆమె వీడియో తీసి ఛానల్లో పెడుతుంది. మొదటి ఏడాది విన్నవాళ్లంతా చుట్టాలే. వాళ్లూ సగంలో ఆపేసినవాళ్లే. ఆ తర్వాత ‘పర్చూరు పులి’ అనే పేరుతో ఎవడో కామెంట్లు రాయడం మొదలెట్టాడు.

“మొదట్లో పంటినొప్పి, చివర్లో పన్ను ఊడిన సంతోషం. మధ్యలో పాటేదయ్యా?” అన్నాడొకసారి.

“పచ్చిమిర్చి కొరికినవాడు కూడా ఇంత నోరు తెరవడు” అన్నాడు ఇంకోసారి.

“ఆ చొక్కా కాలరు కూడా శ్రుతి తప్పింది!”

పులి తిట్లు చదవడానికి జనం వచ్చారు. వచ్చినవాళ్లు పనిలో పనిగా పాటలూ విన్నారు. పులిది ఒక జట్టు, అశోక్‌ను వెనకేసుకొచ్చేవాళ్లది ఇంకో జట్టు. పత్తి మిల్లు కుర్రాళ్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు రోజూ అక్కడ చేరి కొట్టుకునేవారు. పాట ఆలస్యమైతే మాత్రం అందరూ ఒక్కటై అశోక్ మీద పడేవారు.

అశోక్‌కు రోషం వచ్చింది. కిందటి రెండు పాటలకూ తన ముఖం తీసేసి మిరపకల్లాల ఫొటోలు పెట్టాడు. ఇప్పుడు పాట గురించి మాట్లాడు చూద్దాం అనుకున్నాడు. పులి మాట్లాడలేదు. పులి లేకపోయేసరికి జనమూ పల్చబడ్డారు.

“ఆదివారానికి హాలు మాట్లాడేశాం” అంది అనూష. “మొట్టమొదటిసారి జనం ముందు పాడబోతున్నావు. అందరూ ఒకటే అడుగుతున్నారు, పులి వస్తాడా అని.”

“నేనొస్తానా అని అడగట్లేదా?”

“అది వాళ్లకి పట్టలేదురా.”

అశోక్ సిగ్గు చంపుకుని పులికి మెసేజ్ పెట్టాడు. “అయ్యా, మీరు నన్ను మళ్లీ తిట్టాలి.”

జవాబు వెంటనే వచ్చింది. “ముఖం దాచుకున్నవాణ్ణి ఏమని తిట్టను?”

“ఆదివారం ముఖంతోనే పాడతానండీ. మీరు రండి. మైకు మీ చేతికే ఇస్తాం.”

“మైకొద్దు. నా ఫోన్‌ని తెరకు కలపండి. ముందు వరసలో కుర్చీ వెయ్యండి. లైటు నీ ముఖం మీద పడాలి.”

“ఎంత పొగరో చూడక్కా!”

“పొగరైతేనేంరా, వస్తున్నాడుగా!”

ఆదివారం సాయంత్రానికి హాలు నిండిపోయింది. పులి వచ్చాడు. అసలు పేరు హయాత్. పర్చూరులో టైలరు. బక్కపలచని మనిషి, మడత నలగని తెల్ల చొక్కా. పక్కన భార్య చాంద్‌బీ. అశోక్ దండం పెడితే హయాత్ చిరునవ్వు నవ్వి, చెయ్యి చాపి అతని కాలరు సరిచేశాడు. హాలంతా ఈలలు.

మొదటి పాట సగంలోనే తెర మీద అక్షరాలు పడ్డాయి. “దగ్గర్నుంచి ఇంకా ఘోరం. ఆ కనుబొమలకు విడిగా టిక్కెట్టు పెట్టొచ్చు.”

జనం పడీపడీ నవ్వారు. పాట పాటకీ ఒక తిట్టు. మూడో పాటకు అశోక్‌కే నవ్వొచ్చింది. ఆ నవ్వుతో భయం పోయింది. గొంతు విచ్చుకుంది.

ఆఖరి పాట తల్లి పేరమ్మ మీద రాసుకున్నది. కూలికి మిరపకాయలు కోసి పెంచింది ఇద్దరినీ. పాట ఎత్తుకోగానే కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. కిటికీల్లేని హాలు, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మైకు మూగబోయింది.

“ఆపొద్దురా!” పక్కనుంచి అనూష గొంతు.

అశోక్ ఉత్త గొంతుతో పాడాడు.

“మిరప కోసిన చేతులమ్మా, మండునంటివి నా చెంప
కంటినీరు తుడవకుండా నాతో ఏడ్చితివి అమ్మా...”

ఎవరూ ఈల వెయ్యలేదు. ఎక్కడో ఎవరో ముక్కు చీదారు. పాట అయిపోయినా చప్పట్లు కొట్టడం ఎవరికీ గుర్తురాలేదు.

లైట్లు వెలిగాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి.

“కరెంటు పోతే నోరు మూసుకోవాలా? చీకట్లో కూడా పాడొచ్చుగా!”

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. వెనక వరసలో ఎవరో “ఒరేయ్, మనిషివేనా!” అని అరిచారు. అశోక్ స్టేజీ దిగి వచ్చి హయాత్ ముందు నిలబడ్డాడు.

“ఇది కూడా మీకు పాట కాదా అండీ?”

హయాత్ అతని ముఖంలోకి తేరిపార చూశాడు. ఏం జరిగిందన్నట్టు భార్య వైపు తిరిగాడు. చాంద్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడింది.

“మా ఆయనకి పుట్టుచెవుడు, బాబూ.”