చిట్టెలుక పూడ్చిన గాదె

మొగుణ్ణి గుడ్లగూబ ఎత్తుకుపోయాక, చేనుగట్టు కలుగులో చిట్టెలుక ఒంటరిదైంది. అయినా అలవాటు కొద్దీ ఇద్దరి తిండీ మోసుకొచ్చి గాదె నింపేది. ఒకనాడు చూస్తే వడ్లన్నీ పురుగు పట్టి ఉన్నాయి. ఒళ్ళు మండి వాటిని బయటికి తోసేసింది. గాదెను మట్టితో పూడ్చేసి, పిడికెడు గింజలు పట్టే చిన్న గూడు తవ్వుకుంది.

పక్క కలుగు పందికొక్కు పరుగున వచ్చింది. "ఇదేం పనే? రేపు నలుగురూ వస్తే ఏం పెడతావు? ఎలుకల పరువు తీశావు గదే!"

చిట్టెలుక మట్టి దులుపుకుని లేచింది.

"నా మొగుడు పోయిననాడు గాదె నిండుగానే ఉంది గదక్కా! నువ్వైనా తొంగిచూశావా? ఆ గాదె కోసం నా గడప తొక్కిన చుట్టాలు పురుగులొక్కటే. వాటిని మేపడానికి నేనింక మూటలు మొయ్యను!"