మూకుడన్నం

ఆదివారం వచ్చిందంటే ప్రసూన నడుం విరిగేది. వారానికి సరిపడా వంటంతా ఆ ఒక్క పూటలోనే అయిపోవాలి. కాకినాడలో ఇప్పుడు ఏ ఇంట్లో అయినా అంతే. ఎవరి ఒంటికి ఏం కావాలో మణికట్టుకున్న పట్టీ వంటింటికి చెబుతుంది. వంటిల్లు ప్రసూనకి చెబుతుంది.

"పాప డబ్బాలో పప్పు ఇంకొంచెం వెయ్యండి. మీవారికి వంకాయ కూర చాలండి."

డబ్బాలన్నీ నిండి ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయాయి. మూకుడుకి మాత్రం వంకాయ కారం అంటుకుని మిగిలింది. అది ఎవరి లెక్కలోకీ రాలేదు. ప్రసూనకి ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు ఆ మూకుడు కోసమే అక్కతో జుట్టూ జుట్టూ పట్టుకునేది! వేడన్నం వేసి, రెండు చుక్కలు నూనె పోసి, మూకుడంతా తుడిచి కలిపింది. ఇల్లు ఘుమఘుమలాడింది.

"హంసూ, రావే! మూకుడన్నం!"

ఏడేళ్ళ హంసిని ఆట మధ్యలోంచి వచ్చి నిలబడింది. ముద్ద నోటిదాకా తెస్తే మూతి పక్కకి తిప్పేసుకుంది.

"ఏమే, వాసన బాగాలేదా?"

"బావుంది."

"కారంగా ఉంటుందనా?"

"కాదు."

"మరేంటి? నీ కడుపులో చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. ఆకలెయ్యట్లేదా?"

హంసిని మణికట్టు వంక చూసుకుంది. పట్టీని ఓసారి విదిలించి, మళ్ళీ చూసింది.

"తెలీదమ్మా," అంది. "ఇంకా చెప్పలేదు."