ఇంట్లో తెరుచుకోని సైటు

"మీ సైటు చూసే వచ్చానండీ."

గేటు అవతల నిలబడ్డ కుర్రాడు ఆ మాట అనగానే అక్కకు ఒళ్ళు మండింది.

కొత్త వైఫై పెట్టె పెట్టించిన దగ్గర్నుంచీ ఆ సైటు తెరుచుకుని చస్తేగా!

చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో తప్పిపోయిన తమ్ముడి కోసం పెట్టిన సైటది. వాడి ఫోటో, ఇంటి అడ్రసు, అంతే. ఎవరి దయా అక్కర్లేదని, అమ్మ మంచం పక్కనే పాత కంప్యూటరొకటి పెట్టి దాంట్లోంచే నడుపుతోంది. అమ్మ పరిస్థితి చూస్తే ఇవాళో రేపో అన్నట్టుంది. సరిగ్గా ఇప్పుడే సైటు మొరాయించిందని అక్క ప్రాణం ఉసూరుమంటోంది.

పైగా "తప్పిపోయింది నేనే" అంటూ వచ్చి టోపీ పెట్టబోయినవాళ్ళు ఇదివరకే ఇద్దరు.

"ఎప్పుడు చూశావు?"

"ఇందాకేనండీ. బస్సులో."

"ఇందాకే!" అక్క తన ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది. చక్రం గిర్రున తిరిగి తిరిగి, పేజీ లేదు పొమ్మంది. "ఏదీ? చూపించు."

అతను బిత్తరపోయాడు.

"నా ఫోన్లో వచ్చిందండీ... ఇప్పుడు చార్జింగ్ అయిపోయింది."

"అహా! ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!"

"నిజమండీ. ఒక్కసారి అమ్మను..."

"ఎవరికయ్యా అమ్మ?"

అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గరా నీ నాటకాలు? అన్నమే తింటున్నావా? ఇంకో నిమిషం ఇక్కడుంటే పోలీసుల్ని పిలుస్తా!"

అతను ఇంటివైపు ఒకసారి చూసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

నిజంగా పోయాడో, ఏ సందులోనైనా పొంచి ఉన్నాడో చూద్దామని కాసేపటికి అక్క, ఇంటి వైఫై అందని వీధి మలుపు దాకా వెళ్ళింది. అలవాటుగా ఫోన్ మీద మళ్ళీ నొక్కింది.

తమ్ముడి ఫోటో ప్రత్యక్షమైంది.

అక్క గుండె ఝల్లుమంది. గేటు దాకా వెనక్కి వచ్చి, ఇంటి వైఫైలో చూసింది. పేజీ లేదు. మళ్ళీ మలుపు దగ్గరికి పరుగెత్తింది. ఉంది!

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ సైటు రచ్చంతా గెలిచి, ఒక్క ఇంట్లోనే ఓడింది. లోకమంతా చూస్తూనే ఉంది. ఆ మాయదారి పెట్టె ఇంట్లోవాళ్ళకే దారివ్వడం లేదు.

"అయ్యో, అబద్ధం కాదా!"

చెప్పులు జారిపోతున్నా ఆగకుండా బస్టాపుకు పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు.

ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూలబడింది. ఎవరో పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో. నోటికొచ్చినట్టు తిట్టానే అని ఏడుపొచ్చింది.

అమ్మ కళ్ళు తెరిచింది.

"ఇందాక గేటు దగ్గర అచ్చం మీ నాన్న గొంతే వినపడిందే. పోయిన మనిషి, నన్ను తీసుకెళ్ళడానికొచ్చాడు కాబోలు అనుకున్నా."