పై మెట్టు

రాజుగారు ప్రాణాలు విడుస్తూ చివరి పద్యం ఎత్తుకున్నారో లేదో, అల్లంత ఎత్తు నుంచి ఓ కేక వచ్చింది.

"వినపడట్లేదు."

చచ్చిపోతున్న రాజుగారు లేచి కూర్చున్నారు.

కొత్త దర్శకుడికి ఒళ్ళు మండిపోయింది. ఆయన పళ్ళ డాక్టరు. తన ముందు నోరు తెరిచినవాళ్ళెవరూ ఎదురు చెప్పిన అనుభవం ఆయనకు లేదు.

ఆ ఊళ్ళో ఏటా ఒక సాయంత్రం, మూతబడిన రాళ్ళ క్వారీలో పాతకాలపు పద్యనాటకం ఆడతారు. కొండను తొలిచినచోట రాయి మెట్లు మెట్లుగా మిగిలింది. జనం కూర్చునేది వాటి మీదే. అడుగున చదునుగా ఉన్న జాగాయే రంగస్థలం. మొదలుపెట్టినవాళ్ళు పెట్టిన నియమం ఒక్కటే, మైకు ఉండకూడదు. గొంతు ఎంత దూరం పోతే నాటకం అంత దూరం. ఒక ఏడు వానలో తడుస్తూ ఆడారు. ఇంకో ఏడు రాక్షసుడికి గవదబిళ్ళలు లేస్తే, ఇక వేషం అక్కర్లేదని అలాగే ఆడించారు. నాటకం మాత్రం ఏనాడూ ఆపలేదు.

డాక్టరు ఆ ఊరికి కొత్త. వచ్చిన దగ్గర్నుంచీ ఏటా ముందు మెట్టు మీద కూర్చుని, నేనైతేనా, అని భార్య ప్రాణం తీసేవాడు. పాత దర్శకుడు పెద్దవాడైపోయి తప్పుకున్నాక ఆ ముచ్చటా తీరింది. ఈసారి జనం చేత కన్నీళ్ళు పెట్టించాలని ఆయన పంతం.

దుఃఖమనేది మెల్లగా పలకాలని రిహార్సల్లో రాణికి చెప్పాడు. బ్యాంకులో పనిచేసే ఆ అమ్మాయి మెల్లగా పలికింది.

"వినపడట్లేదు," అంది కొండ.

రాజు వేషం ఇన్సూరెన్స్ ఏజెంటుది. పై నుంచి అరిచే ఆ ముసలాయన ఏటా రిహార్సల్సుకి వస్తాడనీ, ఏటా ఇదే గోలనీ, పాత దర్శకుడు మాత్రం ఆయన్ని పల్లెత్తు మాట అనేవాడు కాదనీ అతను చెప్పాడు. డాక్టరు ఆగలేదు. పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు.

పై మెట్టు మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన భార్య తలొంచుకుని ఊలు అల్లుకుంటోంది. డాక్టరు ఆయాసం తీర్చుకుని మర్యాదగానే మొదలుపెట్టాడు. ముసలాయన నవ్వాడు. డాక్టరు గొంతు పెంచాడు. మళ్ళీ అదే నవ్వు. అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టి చూశాడు. ముసలాయన కదల్లేదు, మెదల్లేదు.

ఈ క్వారీలోనే రాళ్ళు పేల్చి పేల్చి ఆయనకి రెండు చెవులూ పోయాయండీ, అని కింద నుంచి రాజు అరిచాడు. ఆ ముక్క మాత్రం పైదాకా శుభ్రంగా వినపడింది.

డాక్టరు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"చెవిటాయనకి వినపడకపోతే మన గొంతుల తప్పేంటండీ?"

కింద అందరూ పగలబడి నవ్వారు. డాక్టరు ముసలాయనకి రెండు చేతులూ జోడించి, కిందికి దారి చూపించాడు. ముసలాయన తెల్లబోయి భార్య వైపు చూశాడు. ఆవిడ ఊలు సంచిలో పెట్టుకుంది. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. డాక్టరు అప్పటికే రెండు మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత రిహార్సల్సు ప్రశాంతంగా సాగాయి. గొంతులు రోజురోజుకీ మెత్తబడ్డాయి. ఇప్పుడు కదా రసం పట్టింది అని డాక్టరు మురిసిపోయాడు.

నాటకం రోజు రెండో అంకంలో పై మెట్ల జనం ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు.

"చూశావా," అన్నాడు డాక్టరు భార్యతో. "తట్టుకోలేక వెళ్ళిపోతున్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఏడుస్తున్నట్టు లేరండీ. ఆవలిస్తున్నారు."

డాక్టరు ఒక్క పరుగున పైకెక్కాడు. అక్కడ గాలి హోరు తప్ప ఏమీ లేదు. అడుగున రాణి, ఆయన క్లినిక్కు కుర్చీలో పేషెంటులాగా, ఊరికే నోరు తెరుస్తోంది, మూస్తోంది.

విరామంలో అందర్నీ అరవమన్నాడు. ఎంత అరవాలో చెప్పేవాళ్ళు లేరు. అలవాటు తప్పిన రాజు గొంతు చించుకున్నాడు, నిజంగానే చిరిగింది. చివరి పద్యానికి పిల్లికూన అరుపు మిగిలింది. జనానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి, నవ్వలేక.

తెల్లారి డాక్టరు క్లినిక్కు తెరవలేదు. రాత్రంతా ఆయన్ని ఒకటే ప్రశ్న తొలిచేసింది. ఏమీ వినపడని మనిషి, సరిగ్గా గొంతు తగ్గినప్పుడే ఎలా అరిచాడు?

క్వారీ పక్కన ఇల్లు వెతికి పట్టుకున్నాడు. అరుగు మీద ముసలాయన, ఏమీ జరగనట్టు, అదే నవ్వుతో ఆహ్వానించాడు. భార్య లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. డాక్టరు తప్పయిపోయిందని ఆవిడకి చెప్పుకుని, మనసులో ఉన్నది అడిగేశాడు.

ఆవిడ ఏదో అంది. డాక్టరుకు అందలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మళ్ళీ అంది. ఇక సిగ్గు విడిచి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాడు.

"నేను మోచేత్తో పొడుస్తాను బాబూ. ఆయన అరుస్తాడు."

డాక్టరు ఆ మోచేతి వైపు చూశాడు.

"ఆ ఒక్క మాటా మీరే అనొచ్చు కదమ్మా?"

ఆవిడ మొగుడి వైపు చూసి నవ్వింది.

"పై మెట్టుకీ అడుక్కీ మధ్య నా గొంతు అందదు బాబూ. ఆ సంగతి మొట్టమొదటి ఏడే తేలిపోయింది, సగం నాటకంలో జనమంతా లేచి వెళ్ళిపోయారు. అప్పటి రాణిని నేనే."