మాఫీ క్యూలో బావమరిది

"క్యూలోంచి బయటికి రా బావా, నీకు దణ్ణం పెడతాను!" అంటూ లెక్కల మాస్టారు బావగారి చొక్కా జేబు పట్టుకుని లాగాడు.

రైతు విదిలించుకున్నాడు. తెల్లారకముందే వచ్చి నిలబడితే ఇప్పటికి బ్యాంకు గుమ్మం దాటగలిగాడు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ ఆ గాలంతా కౌంటరు వెనకాల కూర్చున్నవాళ్ళకే. రుణమాఫీకి వేలిముద్ర వెయ్యడానికి ఇవాళే ఆఖరు. వెయ్యకపోతే అప్పు అలాగే ఉంటుంది, అప్పుంటే పొలం వేలానికి పోతుంది. ఇంత చిన్న ముక్క ఎవరికైనా అర్థమవుతుంది. పిల్లలకి లెక్కలు చెప్పే ఈ మహానుభావుడికి మాత్రం బుర్రకెక్కడం లేదు.

"నీకేమైనా మతి పోయిందా? పొలం పోతే మీ అక్కా నేనూ ఏం తినాలిరా? నీ సుద్దముక్కలా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. మాస్టారి మొహం కందిపోయింది. అయినా తగ్గలేదు.

"మాఫీ అనేదే తప్పు బావా. అప్పు తీసుకున్నవాడు కట్టాలి. నెలనెలా నా జీతంలో పన్ను కోస్తున్నారు. అది బడికి బల్లలు కొనడానికా, నీ అప్పు తీర్చడానికా?"

"నా పంటకి రేటు నేనే పెట్టుకున్నానా? నీళ్ళుంటే కరెంటు ఉండదు. రెండూ ఉంటే కొనేవాడుండడు. చివరికి వాడెవడో చెప్పిన రేటుకి పోసేసి, ఖాళీ బస్తాలు భుజానేసుకుని వచ్చాను. అప్పుడు రాలేదే నీ నీతులు?"

"అయితే రేటు అడుగు. గట్టిగా అడుగు, నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. అంతేగానీ అప్పు కొట్టెయ్యండి అంటే, ఇక రేపు కట్టేవాడెవడు?"

అదీ నిజమేనన్నట్టు ఒకరిద్దరు తలూపారు. వాళ్ళ వెనకనుంచి ఒక ముసలావిడ అందుకుంది.

"ఏమయ్యా మాస్టారూ! పెద్దపెద్ద కంపెనీలవాళ్ళవి కొట్టేశారంట కదా, అప్పుడు ఎవరి చొక్కా పట్టుకుని లాగావు?"

క్యూ అంతా గొల్లుమంది. అక్కడితో మాస్టారు ఊరుకోవాలి కదా! మళ్ళీ ఆ జేబే పట్టుకున్నాడు.

"పొలం సంగతి నేను చూసుకుంటాగా. ఇంటికి పద బావా."

"నువ్వు చూసుకునేదేంట్రా? బావమరిది సొమ్ముతో బతికే ఖర్మ నాకింకా పట్టలేదు. అలాంటి పని చేశావో, మళ్ళీ జన్మలో నీ గడప తొక్కను. గవర్నమెంటు ఇస్తే అది నా హక్కు. నువ్విస్తే ముష్టి."

ఆ మాటతో మాస్టారు చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది. దాంతోపాటు జేబు కూడా పర్రున చిరిగి చేతిలోకొచ్చేసింది.

"తర్వాతెవరు?" అని అరిచాడు గుమాస్తా.

రైతు గబగబా బొటనవేలు చొక్కాకి తుడుచుకుని కౌంటరు ముందుకెళ్ళాడు. పాసుబుక్కు ఇచ్చాడు. గుమాస్తా నంబరు కొట్టి కంప్యూటరులోకి చూశాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చూశాడు.

"పెద్దాయనా, మీకు మాఫీ లేదు."

"లేదా? ఎందుకు లేదు? మా ఊళ్ళో అందరికీ ఉంది, నేనేం పాపం చేశాను?"

"అప్పుంటే కదండీ మాఫీ! మీది వడ్డీతో సహా ఎప్పుడో కట్టేశారు. పొలం కాగితాలు ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళచ్చు." గుమాస్తా ఇంకోసారి తెరవైపు చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, సరిగ్గా మాఫీ ప్రకటించడానికి ముందురోజు కట్టారే! ఒక్కరోజు ఆగి ఉంటే మొత్తం పోయేది."

"నేను కట్టలేదు బాబూ! ఏ తలకుమాసినవాడు కట్టాడు?"

గుమాస్తా కళ్ళజోడు మీంచి రైతు పక్కకి చూశాడు. అక్కడ మాస్టారు తలవంచుకుని, చిరిగిన జేబుగుడ్డని శ్రద్ధగా మడతలు పెడుతున్నాడు.

"నువ్వా?"

"అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు బావా. పొలానికి నోటీసు వచ్చిందంది. నీకు చెబితే ఒప్పుకోవని, ఎవరికీ చెప్పకుండా..."

"ఒక్కరోజు! ఒక్కరోజు ఆగి చావలేకపోయావా?"

"మాస్టారూ, రేపు మాఫీ చేస్తున్నాం, కాస్త ఆగండి అని గవర్నమెంటువాళ్ళు నాకు ఫోన్ చేసి చెబుతారా బావా!"

రైతుకి అతన్ని చాచి కొట్టాలనిపించింది. గట్టిగా కావలించుకోవాలనీ అనిపించింది. ఏదీ చేతకాక కౌంటరు చెక్క మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. పొలం నిలిచింది, నిజమే. కానీ ఊరందరికీ ఊరికే తీరిన అప్పు తమకి మాత్రం రొక్కం పోస్తే తీరింది. ఇదేం న్యాయమని నిలదీద్దామంటే, దానికి ఏ కౌంటరు దగ్గరికెళ్ళాలో ఎవరూ చెప్పరు.

గుమాస్తా పాసుబుక్కు వెనక్కిచ్చి, మాస్టారి వైపు తిరిగాడు.

"ఎలాగూ వచ్చారు కాబట్టి అడుగుతున్నాను మాస్టారూ. ఇది కట్టడానికి మీరు మా దగ్గరే లోన్ తీసుకున్నారు కదా. దాని వాయిదాలు మొదట్లోనే ఆగిపోయాయి. ఎప్పుడు కడతారు?"

మాస్టారు అటూ ఇటూ చూశాడు. వెనకున్నవాళ్ళకి వినపడకుండా కౌంటరు మీదికి వంగాడు.

"ఉద్యోగస్తుల అప్పులకి కూడా మాఫీ ఏమైనా వస్తుందంటారా అండీ?"