మెడ స్కాన్

"తాళి తీస్తేనే స్కాన్," అంది నేత్ర. "జెల్ పూసి మెడంతా చూడాలి. నల్లపూసలు కూడా అడ్డమే. ఐదు నిమిషాల పని."

"తీయకూడదు," అంది అక్కయమ్మ.

కోలారులోని ఆ ఆసుపత్రిలో స్కానింగ్ చేసే నేత్రకు ఇలాంటి అత్తలు కొత్త కాదు. బల్ల మీద కూర్చున్న కోడలి వైపు చూసింది. శశికళకు ఇరవై ఆరేళ్లు. మెడ ముందు నిమ్మకాయంత వాపు. ఒడిలో పెట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. కూర్చున్న చోటే ఆయాసం.

రక్తపరీక్ష రిపోర్టు నిన్ననే వచ్చింది. టీ3, టీ4 హద్దు దాటాయి. టీఎస్‌హెచ్ అడుగంటింది. నాడి నూట నలభై. అప్పుడే డాక్టరు అక్కయమ్మను పక్కకు పిలిచి గట్టిగానే చెప్పాడు.

"థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోంది. గుండె తట్టుకునే స్థితిలో లేదు. రేపు స్కాన్ చూసి అసలు మందు మొదలుపెడదాం. అంతవరకు పని చెప్పొద్దు, మాట అనొద్దు, ఏడిపించొద్దు."

"ఈరోజు తప్పితే మంగళవారమే అవ్వా," అంది నేత్ర. "రెండు రోజులు సెలవు."

అక్కయమ్మ ముఖం పాలిపోయింది. "మంగళవారం దాకా కాదమ్మా. ఈ పొద్దే కావల్ల. తాళి ఉండంగానే చూడు."

బయట బెంచీ మీదున్న ఒకామె నవ్వింది. "మా అత్త కాన్పుకు కూడా తీయనీలేదు."

శశికళకూ నవ్వొచ్చింది. "అత్తా, నీ కొడుక్కేమీ కాదులే. గుండ్రాయి మాదిరి ఉండాడు. కావాలంటే ఆయన్నే అడుగుదాం. నా ఫోను ఇయ్యి."

అక్కయమ్మ నడుముకు చెక్కుకున్న కోడలి ఫోన్ మీద చెయ్యి వేసింది. "ఈడ మాట్లాడకూడదంట. మునిశంకరు లారీ మీద ఉంటాడు. యాడ ఎత్తుతాడు?"

"ఈపాటికి టమోటా దించేసుంటాడు."

"వద్దంటే వినవేమే."

నేత్రకు విసుగొచ్చింది. "అవ్వా, మీకు కోడలి ప్రాణం కావాలా, తాళి కావాలా?"

అక్కయమ్మ గోడకు ఆనుకుంది.

"పిల్ల ప్రాణమే తల్లీ. కానీ నా చేత్తో తీయలేను. ఆ పని నాతో కాదు."

శశికళే తీసింది. కళ్లకద్దుకుని అత్త అరచేతిలో పెట్టింది. "భద్రం. పోగొడితే నీ కొడుకు నిన్నే అడుగుతాడు."

అక్కయమ్మ బయటికి రాగానే తలుపు మూసుకుంది. పిడికిలి గుండెలకు అదుముకుని, కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

"ఐదు నిమిషాలకే ఇంత రాద్ధాంతమా," అని గొణిగింది బెంచీ మీదామె.

స్కాన్ చూసి డాక్టరు తల ఊపాడు. "భయపడాల్సిన గడ్డేమీ లేదు. మందుకు లొంగేదే. మొదటి మోతాదు ఇప్పుడే వేద్దాం. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లొచ్చు."

"ఇంటికొద్దు సామీ," అంది అక్కయమ్మ చేతులు జోడించి. "రెండు దినాలు ఈడే పెట్టుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

డాక్టరు ఆశ్చర్యంగా చూసి, సరేనని చీటీ రాశాడు.

శశికళ మెడ వంచి అత్త ముందు నిలబడింది. "వెయ్యత్తా. బోసి మెడతో ఎట్లనో ఉండాది."

అక్కయమ్మ వేళ్లకు కొక్కెం రెండుసార్లు అందలేదు. మూడోసారి పడింది. తాళిని కోడలి గుండెల మీద సరిచేసి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఇంగ నవ్వొచ్చు కదత్తా," అంది శశికళ. "నీ కొడుకు నూరేళ్లు ఉంటాడు."

ఆ రోజు పొద్దున శశికళ స్కాన్ చీటీ కోసం వరుసలో నిలబడి ఉండగా అక్కయమ్మకు వచ్చిన ఫోను, లారీ బోల్తా పడి మునిశంకర్ చనిపోయాడని.